పగిలిన పొయ్యి, పొగరుమోతు వెల్డరు

“ఈ ఘనకార్యం చేసిన మహానుభావుడెవరండీ?”

రొట్టెల దుకాణంలో పోత ఇనుప పొయ్యి ముందు గొంతుక్కూర్చుని అడిగిందామె. ఊరి వెల్డరు. పొయ్యి పక్క పలకకి జానెడు పగులు, దాన్నిండా సిమెంటు.

“నేనే,” అన్నాడు దుకాణం నడిపే యువకుడు గర్వంగా.

“పొయ్యి అనుకున్నారా, ప్రహరీ గోడ అనుకున్నారా?”

పక్కనే ఉన్న అతని నానమ్మ పకపకా నవ్వింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“మీరొచ్చింది రిపేరుకా, నా పరువు తియ్యడానికా?”

“రెండిటికీ. పరువు పని అయిపోయింది.”

అది తాతయ్య ఒకప్పుడు నానమ్మ కోసం కొన్న పొయ్యి. ఈసారి బాగుపడకపోతే పాత ఇనుముకి వేసేస్తానని అతని బాబాయి తేల్చేశాడు.

ఆమె పలక ఊడదీసి, సిమెంటు గీకి, నిప్పుల మీద బాగా కాచి వెల్డింగ్ చేసింది. మధ్యలో అతన్ని గదిమింది: “మంట చూడకండి, కళ్లు పోతాయి!”

“మంటని చూడట్లేదండీ.”

“అయితే ఇంకా డేంజర్.”

చివరికి పలకని వేడి బూడిదలో కప్పెట్టింది. “మెల్లగా చల్లారాలి. రేపటిదాకా కదిపారో, మళ్లీ పగులుతుంది.”

మర్నాడు ఆమె వచ్చేసరికి బూడిద చెదిరి ఉంది. వెల్డింగ్ పక్కనే కొత్త పగులు.

“కెలికారు కదూ? చెయ్యి ఊరుకోదు, బుర్ర పనిచెయ్యదు! మీకు పొయ్యెందుకండీ, పాత ఇనుముకి వేసెయ్యండి!”

బాబాయి అక్కడే ఉన్నాడు. యువకుడు నానమ్మ వైపోసారి చూసి తల దించుకున్నాడు. “సారీ అండీ, తప్పు నాదే.”

ఆమె సంచి విసురుగా భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం వానలో తడుస్తూ నానమ్మ వెల్డింగ్ షెడ్డుకి వచ్చింది.

“కెలికింది నేనమ్మా. ఎలా అతికిందో చూద్దామని మనసాగలేదు. వాళ్ల బాబాయి నన్ను తిడతాడని, మనవడు తన మీదేసుకున్నాడు.”

వెల్డరు వెంటనే లేచింది. గొడుగు తెరిచి, పనిముట్లు పట్టుకుని, ఆవిడతో దుకాణానికి బయల్దేరింది.

“అన్ని మాటలంటే ఎలా పడ్డారండీ?” అని నిలదీసింది అతన్ని.

“తిట్టేటప్పుడు మీరు బావుంటారు.”

“మీ మొహం!” అని, పనిముట్లు కింద పెడుతూ చిన్న గొంతుతో “సారీ” అంది.

మళ్లీ వెల్డింగ్ చేసి బూడిదలో కప్పెట్టింది; ఈసారి ఎవరూ కదపలేదు, పలక నిలిచింది. బాబాయి నోరు మూతపడింది. కానీ “ఒకసారి చెక్ చెయ్యాలి” అంటూ ఆమె రావడం మాత్రం ఆగలేదు. అతను ఏదో చెప్పబోయి, ప్రతిసారీ వాన గురించి మాట్లాడేవాడు.

ఒకరోజు కళ్లు గట్టిగా మూసుకుని అడిగేశాడు: “నన్ను పెళ్లి చేసుకుంటారా?”

“ఈ ముక్క అడగడానికి ఇన్నాళ్లా! మీకంటే ఆ పొయ్యే నయం, తొందరగా వేడెక్కుతుంది,” అంటూ తోలు గ్లోవు తీసేసి చెయ్యి చాపింది.