రుమాలు కింది మాట

బడి వెనక నల్లా దగ్గర ఏడో తరగతి పిల్లలు టిఫిన్ డబ్బాలు కడుక్కుంటున్నారు. కడగడం తక్కువ, కబుర్లు ఎక్కువ. ఆ కబుర్లన్నీ క్లాస్ లీడర్ గురించే.

రాజేశ్వర్ సార్ పొద్దున్నే బోర్డు మీద రెండు పేర్లు రాశారు. ఒకటి కృతిక, రెండోది జ్యోత్స్న. మధ్యాహ్నం బెల్లు కొట్టాక చిట్టీల మీద ఓట్లు.

"నా ఓటు జ్యోత్స్నకే," అన్నాడు శ్రవణ్‌కుమార్. "వాళ్ల బాపు దుబాయిల ఉంటడు. వచ్చినప్పుడు క్లాసందరికీ చాక్లెట్లు తెస్తడట."

"నాది గూడ ఆమెకే," అంది వినోద. "లెక్కలు రాకుంటే మంచిగ చెప్తది. కృతికనడిగితే కసురుతది."

కృతిక అక్కడే నిలబడి ఉంది. వినోద ఆమెను చూసింది. చూసి కూడా మాట ఆపలేదు.

కృతికకు చెవులు వేడెక్కాయి.

పోయిన సంవత్సరం దాకా కృతిక, జ్యోత్స్న ఒకటే బెంచీ. ఇద్దరి మధ్యా ఒక రుమాలు ఉండేది. కృతిక వాళ్ల తాత వెంకటరాజానిది. ఎన్నిసార్లు ఉతికినా దాని పసుపు రంగు వదిలేది కాదు.

తాతకు ఆర్మూర్‌లో పసుపు కమీషన్ దుకాణం. ఇప్పుడు ధరలన్నీ ఫోన్లలో కనబడుతున్నాయి. తాత వయసులో ఉన్నప్పుడు అలా కాదు. అమ్మేవాడి చేతి మీద, కొనేవాడి చేతి మీద రుమాలు కప్పేవారు. దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకునేవారు. చుట్టూ పది మంది నిలబడ్డా ఎవరికీ తెలిసేది కాదు.

ఆ ఆట ఇద్దరికీ మస్తు నచ్చింది. తరగతిలో మాట్లాడితే సార్ తిడతారు కదా, అందుకని ఒళ్లో రుమాలు కప్పుకుని వేళ్లతో మాట్లాడుకునేవారు. ఒక వేలు పట్టుకుంటే బాగున్నానని. రెండు వేళ్లు పట్టుకుంటే కోపమని. మూడైతే ఏడుపొస్తోందని. పిడికిలి మూస్తే, ఎవరికీ చెప్పొద్దని.

ఏడో తరగతికి వచ్చాక సార్ మార్కుల ప్రకారం బెంచీలు మార్చారు. జ్యోత్స్న మొదటి బెంచీకి పోయింది, వినోద పక్కకు. కృతిక నాలుగో బెంచీలో ఆగిపోయింది. మార్కుల కాగితం చేతిలో పట్టుకుని ఇంటికి పోతే అమ్మ మొదట అడిగేది ఒకటే. "జ్యోత్స్నకు ఎన్నొచ్చినయ్?" ఆ ఒక్క ప్రశ్న ఎన్నిసార్లు అడిగితే ఒక స్నేహితురాలు శత్రువవుతుందో ఏ అమ్మా లెక్కపెట్టుకోదు.

ముందు ఇద్దరూ కలిసి తినడం మానేశారు. తరువాత కలిసి ఇంటికి పోవడం మానేశారు. ఆ తరువాత ఒకరికి మార్కులు తగ్గితే ఇంకొకరు లోపల సంతోషపడటం మొదలైంది.

అయినా నెల కింద ఒక రోజు జ్యోత్స్న తనంతట తానే నాలుగో బెంచీ దాకా వచ్చింది. "రుమాలు ఉందా?" అని అడిగింది. కింద మూడు వేళ్లు పట్టుకుంది. తరువాత పిడికిలి మూసింది. అప్పుడు చెవిలో చెప్పింది.

ఆ మాటే ఇప్పుడు నల్లా దగ్గర కృతిక నోట్లోంచి బయటపడింది.

"ఏం దుబాయి? వాళ్ల బాపు వాపస్ వచ్చి నెలైంది. ఏజెంట్ మోసం చేసిండు. ఇంట్ల కూసోని వాళ్లమ్మతోని బీడీలు చేస్తున్నడు."

వినోద డబ్బా కడగడం ఆపింది.

"మొగోడు బీడీలు చేసుడేందే?" అన్నాడు శ్రవణ్‌కుమార్. కింద కాళ్లు చాపి కూర్చుని, ఒళ్లో చాట ఉన్నట్టు, ఆకు చుట్టినట్టు వేళ్లు ఆడించాడు. "బీడీ బాపు! అరేయ్, బీడీ బాపు!"

అందరూ పగలబడి నవ్వారు. కృతికా నవ్వింది.

నవ్వుతూనే వెనక్కి తిరిగింది. వెనక జ్యోత్స్న నీళ్ల బాటిల్ పట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. తిట్టలేదు. బాటిల్ నింపుకోకుండానే వెళ్లిపోయింది.

బెల్లు కొట్టాక సార్ చిట్టీలు పంచబోతుంటే జ్యోత్స్న లేచింది.

"సార్, నా పేరు తుడిచేయండి."

"ఎందుకమ్మా?"

"ఏం లేదు సార్."

సార్ ఆమె ముఖంలోకి చూశారు. ఇంకేమీ అడగకుండా డస్టర్ తీసుకున్నారు. బోర్డు మీద ఒక్క పేరే మిగిలింది. చప్పట్లు కొట్టారు. కృతిక చొక్కాకు లీడర్ బ్యాడ్జి పెట్టారు. దాని పిన్ను రోజంతా గుచ్చుకుంటూనే ఉంది.

లీడర్ పని పొద్దున్నే అటెండెన్స్ పిలవడం. మరుసటి రోజు కృతిక పేర్లు పిలుస్తూ పోయింది.

"జ్యోత్స్న."

జవాబు లేదు. వెనక బెంచీ నుంచి ఎవరో "బీడీ బాపు" అని మెల్లగా అన్నారు. కిసకిసలు.

ఆ తరువాతి రోజూ అంతే. రాని వాళ్ల పేరు బోర్డు మూలన రాయాలి. జ్యోత్స్న పేరు కృతిక తన చేత్తోనే రాసింది. చాక్‌పీస్ రెండుసార్లు విరిగింది.

ఆ సాయంత్రం ఆమె తాత దుకాణానికి పోయింది. తాత పసుపు కొమ్ము ఒకటి విరిచి లోపలి రంగు చూస్తున్నాడు.

"తాతా, రుమాలు కింద చెప్పిన ధర ఎవలన్నా బయట చెప్తే ఏమైతుండె?"

"ఒకడు చెప్పిండు. గంగాకిషన్ అని, నాకంటే పెద్దోడు."

"కొట్టిండ్రా?"

"ఎందుకు కొడ్తరు?"

"తిట్టిండ్రా?"

"ఎవలేమనలే బిడ్డా. రాంరాం అంటే రాంరాం అన్నరు. కని తెల్లారి సంది గాయన చెయ్యి చాపితే దాని మీద రుమాలు కప్పెటోడు లేడు. గంతే." తాత విరిగిన కొమ్ము ముక్కలను పక్కన పెట్టాడు. "ఎందుకడుగుతున్నవ్?"

"ఊకెనే."

కృతిక నోట్సు తీసుకుని జ్యోత్స్న వాళ్ల ఇంటికి నడిచింది. ఆ గల్లీ అంతా పొగాకు వాసన. తలుపు తీసే ఉంది. జ్యోత్స్న వాళ్ల బాపు దయాకర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్లో చాట. చాటలో ఆకులు, పొగాకు. కృతికను చూడగానే భుజం మీది తువ్వాల తీసి గబుక్కున చాట మీద కప్పాడు.

ఆ తువ్వాల కప్పడం చూసి కృతిక గడప దగ్గరే ఆగిపోయింది.

"నువ్వా బిడ్డా, రా, కూసో," అన్నాడు ఆయన. "జ్యోత్స్న రెండొద్దుల సంది బడికి పోనంటుంది. ఎవలో నా ముచ్చట బడిల చెప్పిండ్రట. ఎవలే అంటే పేరు చెప్పది. నువ్వన్న జర పక్కన కూసో బిడ్డా, దానికి నువ్వంటే పానం."

కృతిక నోరు తెరిచింది. నల్లా దగ్గర అంత తొందరగా వచ్చిన మాట, ఇక్కడ ఎంతకూ రాలేదు.

లోపలి నుంచి జ్యోత్స్న వచ్చింది. కృతికను చెయ్యి పట్టి గల్లీలోకి తీసుకుపోయింది. బయటకు రాగానే చెయ్యి వదిలేసింది.

"నా పేరు ఎందుకు చెప్పలే?" కృతిక అడిగింది.

"చెప్తే మా బాపు మీ దుకాణానికి రాడు. రేపు మీ తాత దగ్గరికి మూటలు మోసే పని అడగనీకి వస్తుండు." జ్యోత్స్న గొంతు తగ్గించింది. "దుబాయి పోయినోడు హమాలీ అయితుండు. పో, గిది గూడ చెప్పు పో బడిల. మంచిగ నవ్వుతరు."

"నేను గట్ల..."

"నోట్సు గిటియ్యి."

నోట్సు తీసుకుంది. కృతిక జేబులోంచి రుమాలు తీసింది. చెయ్యి చాపింది. జ్యోత్స్న ఆ చేతిని చూసింది, రుమాలును చూసింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

తెల్లవారి కృతిక బడికి పోయే దారిలో తాత దుకాణం ముందు దయాకర్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మూటలు మోసే పనికి ఇస్త్రీ చొక్కా ఎందుకో కృతికకు అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది, అది మోయడానికి కాదు, పని అడగడానికి. తాత ఏదో అడిగాడు, ఆయన తల వంచుకుని చెప్పాడు. తాత తల ఊపాడు. ఆయన చొక్కా విప్పి, మడతపెట్టి, మేకుకు తగిలించి, మొదటి మూట ఎత్తుకున్నాడు.

ఆ రోజు అటెండెన్స్‌లో "జ్యోత్స్న" అని పిలిస్తే మొదటి బెంచీ నుంచి "ప్రెజెంట్" అని వచ్చింది. చాలా చిన్న గొంతు.

సార్ ఇంకా రాలేదు. శ్రవణ్‌కుమార్ నాలుగో బెంచీ దగ్గరికి వచ్చాడు. వెనకే వినోద, ఇంకో నలుగురు.

"నిన్న వాళ్లింటికి పోయినవట గదా? ఏం చూసినవే? నిజంగ బీడీలే చేస్తుండా?"

కృతిక అటెండెన్స్ రిజిస్టరు మూసింది.

"చెప్పవే," వినోద పక్కనే కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. వినోద ఆమె పక్కన కూర్చోవడం ఈ సంవత్సరంలో ఇదే మొదటిసారి. "మాకొక్కలకే చెప్పు. రేపటి సంది నా పక్కన కూసో, సార్‌నడుగుత."

ముందు బెంచీలో జ్యోత్స్న పెన్సిల్ కదలడం ఆగింది. ఆమె వీపు కర్రలా బిగుసుకుపోవడం కృతికకు ఇక్కడి నుంచే కనబడుతోంది.

"చూసిన," అంది కృతిక. "కని చెప్ప."

"ఎందుకు చెప్పవ్?"

"మొన్న చెప్పుడే తప్పు. గది నా నోటితోని చెప్పేది కాకుండె. మీరు నవ్వాలంటే నన్ను చూసి నవ్వుండ్రి."

"అబ్బో! బ్యాడ్జి రాంగనే మస్తు షాన్ చేస్తుంది రా," అన్నాడు శ్రవణ్‌కుమార్. "చెప్పకుంటే మాతోని మాట్లాడకు. ఎవ్వలు మాట్లాడకుండ్రి రా గీమెతోని."

వినోద భుజం మీది చెయ్యి తీసేసి లేచిపోయింది. ఒకరి వెనక ఒకరు అందరూ పోయారు. బెంచీ ఖాళీ అయింది.

సార్ వచ్చారు. లెక్క మొదలైంది.

కృతిక జేబులోంచి పసుపు మరకల రుమాలు తీసి ఒళ్లో పరిచింది. దాని కింద చెయ్యి పెట్టింది. పట్టుకోవడానికి పక్కన ఎవరి చెయ్యీ లేదు. తన వేళ్లు తానే ఒక్కొక్కటిగా మూసి పిడికిలి బిగించింది.

మొదటి బెంచీలో జ్యోత్స్న పెన్సిల్ మళ్లీ కదలసాగింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

కృతిక గంట కొట్టేదాకా పిడికిలి విప్పలేదు.