తప్పు కొమ్మ మీద పేరు

"ఎల్‌డ్యాప్, యాక్టివ్ డైరెక్టరీ రెండూ ఒకటేగా మేడమ్?"

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే కొత్తవాడు అడిగిన ప్రశ్న అది. అడిగింది సర్వర్ గది చూసుకునే అమ్మాయిని. ఆమె చేతిలోని కేబుల్ కింద పెట్టి, అతన్ని ఎగాదిగా చూసింది.

"మీ అమ్మగారు ఏ భాష మాట్లాడతారు?"

"తెలుగు."

"అయితే మీ అమ్మగారూ తెలుగూ ఒకటేనా?"

పక్కవాళ్లు పకపకా నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరు ఏ సెక్షనో, ఎవరికి ఏ హక్కుందో గుర్తుపెట్టుకునేది డైరెక్టరీ. యాక్టివ్ డైరెక్టరీ అలాంటి వాటిలో ఒకటి. ఎల్‌డ్యాప్ వాటిని అడిగే పద్ధతి. ముందు నువ్వెవరో చెప్పాలి. ఆ తర్వాతే ఏం కావాలో అడగాలి. నీలాగా పేరైనా చెప్పకుండా మీద పడితే మా సర్వర్ మొహం తిప్పుకుంటుంది."

ఆమే మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. ప్రేమలో పడడానికి అతనికి ఆ మాత్రం అవమానం సరిపోయింది. మగవాళ్ల తెలివి అంతే.

ఆనాటి నుంచి రోజూ ఏదో డౌటు పట్టుకుని వెళ్లేవాడు. సగం డౌట్లు తయారు చేసినవే. ఆమెకు తెలుసు. అయినా తిడుతూ చెప్పేది.

మేనేజర్ వేరే రకం. గదిలో గోడ నిండా సర్టిఫికెట్లు. "ఎల్‌డ్యాప్ పాతబడింది, కొత్తది కొందాం" అని మీటింగుల్లో గట్టిగా చెప్పేవాడు. అందరూ తలలూపేవారు. కొత్తవాడి ఉద్యోగం ఖాయమో కాదో శుక్రవారం తేల్చాల్సింది ఆ మహానుభావుడే.

గురువారం కొత్తవాడు డైరెక్టరీ తెరిచి సాధన మొదలుపెట్టాడు. అదొక చెట్టు. సెక్షన్‌కో కొమ్మ, కొమ్మకు పేర్లు. అందులో పేర్లు మార్చే హక్కు అతనికి ఎలా వచ్చిందంటే, ఎవరికి ఏది ఇవ్వాలో తెలియక మేనేజర్ అన్నీ ఇచ్చేశాడు.

ఆమె పేరు పక్కన తన పేరు ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఆమె పేరును లాగి తన సెక్షన్ కొమ్మ మీద పెట్టాడు. ముచ్చటగా ఉంది. మురిసిపోతుండగా మేనేజర్ కేకేశాడు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుందట. పేరు వెనక్కి పెట్టడం మరిచి పరుగెత్తాడు.

ఆఫీసు తలుపులు కూడా ఎవరిని రానివ్వాలో ఆ డైరెక్టరీనే అడుగుతాయి.

మధ్యాహ్నం వాన దంచింది. సర్వర్ గది ఆవరణకు అవతల ఉంది. ఆమె ఆ గది తలుపుకు కార్డు పెట్టింది. ఎర్ర లైటు. మళ్లీ పెట్టింది. ఎర్ర లైటే. తడిసి ముద్దయి, కోపంతో కొత్తవాడి సెక్షన్ తలుపుకేసి కార్డు కొట్టింది. పచ్చ లైటు వెలిగింది. తలుపు మర్యాదగా తెరుచుకుంది.

"ఎల్‌డ్యాప్ ఎక్స్‌పైర్ అయ్యుంటుంది," అన్నాడు అప్పటికే సంగతి విని వచ్చిన మేనేజర్. "లేదా తలుపుల కంపెనీ తప్పు. పైవాళ్లకి అదే చెప్పేశాను."

కొత్తవాడు నోరు మూసుకుంటే ఉద్యోగం దక్కుతుంది. ఆమె జడ నుంచి నీళ్లు నేల మీద కారుతున్నాయి.

"నేనే సార్," అన్నాడు కొత్తవాడు. "మేడమ్ పేరు మా సెక్షన్‌లోకి మార్చింది నేనే."

"ఎందుకయ్యా?"

"పక్కపక్కన చూడాలనిపించింది సార్."

మేనేజర్ దిక్కులు చూశాడు. "పైవాళ్లకి చెప్పేశానన్నానా లేదా? తప్పు కంపెనీదే. నోరెత్తకు!"

మర్నాడు అతని ఉద్యోగం ఖాయం చేశాడు. నిజాయితీ మెచ్చి కాదు, నిజం బయటపడితే తన పరువు పోతుందని. తలుపుల కంపెనీ ఎందుకో తెలియకుండానే క్షమాపణ చెప్పింది.

ఆమె వరండాలో కాపు కాసింది.

"బుద్ధుందా నీకు? ఉద్యోగం పోయుంటే?"

"మీరంటే నాకు..."

"ఆగు. ఇన్నాళ్లూ నేర్పింది ఇదేనా? ముందు నువ్వెవరో చెప్పాలి."

"మిమ్మల్ని వానలో నిలబెట్టినవాణ్ణి. నా డౌట్లు సగం అబద్ధం. మీ దగ్గర తిట్లు తినని రోజు నాకు అన్నం సయించదు."

"ఊఁ. ఇప్పుడు అడుగు."

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె గిరుక్కున తిరిగి లోపలికి నడిచింది, అతనూ వెనకే వెళ్లాడు. కంప్యూటర్ ముందు కూర్చుని తన పేరును తన కొమ్మ మీదికి తెచ్చుకుంది. అతని సెక్షన్ తలుపు తెరిచే హక్కును మాత్రం అలాగే ఉంచుకుంది.

"ఆదివారం మా ఇంటికి రా," అంది తల తిప్పకుండానే. "మా అమ్మ నాకంటే కఠినం. గుమ్మంలోనే నువ్వెవరో చెప్పు."