నల్ల గుర్రప్పిల్లకు ఎర్ర తండ్రి

"నా ఆడగుర్రాన్ని తీసుకొచ్చానండీ. సంబంధం సంగతి మాట్లాడుకుందామని," అంది ఆ అమ్మాయి, మా ఫారం గేటు బయట వర్షంలో నిలబడి.

నేను ఆమె వెనక ట్రైలర్ కోసం చూశాను. ఒక చిన్న నీలం కారు తప్ప ఏమీ లేదు. ఆ కారులో గుర్రం కాదు కదా, పొడుగ్గా ఉన్న మనిషి కూడా పట్టడు.

"గుర్రం ఎక్కడండీ?"

"ఇదిగో," అంటూ చంకలోని బూట్ల డబ్బా మూత తీసింది.

తువ్వాలు మడతల మధ్య జానెడున్నర పొడవు ప్లాస్టిక్ గుర్రం. ఎర్రటి ఒళ్లు, నుదుట తెల్ల చుక్క. పక్కన చేతిరుమాలులో చుట్టి ఇంకేదో బుల్లిది.

"అది?"

"దాని పిల్ల."

"సంబంధం మాట్లాడకముందే పిల్లా?"

"పిల్ల పుట్టేసింది. తండ్రి పేరే కావాలి," అంది, పాలు అయిపోయాయి ప్యాకెట్ కావాలి అన్నంత మామూలుగా.

నా వెనక గడ్డిమోపులు దించుతున్న నలుగురూ పని ఆపేశారు. మా ఫారంలో పదకొండు మగగుర్రాలున్నాయి. తండ్రులవడమే వాటి ఉద్యోగం. కెంటకీ రాష్ట్రంలో అంతా వాటిని పేరుపేరునా ఎరుగుదురు. తొమ్మిదేళ్లుగా వాటికి స్నానాలు చేయించి, అలకలు తీర్చి, పెళ్లికొడుకుల్లా ముస్తాబు చేసి పంపేది నేనే. అలాంటి నా దగ్గరకు ఒకమ్మాయి డబ్బాలో గుర్రాన్ని పెట్టుకుని రావడం మావాళ్లకు ఆరునెలలకు సరిపడా వినోదం.

"మీరు హార్లన్ స్టాంపర్ గారే కదా? వర్లీన్ గారి మేనల్లుడు?"

అప్పుడు అర్థమైంది. వర్లీన్ మా మేనత్త. జార్జ్‌టౌన్‌లో ఒంటరిగా, నాలుగువందల పన్నెండు ప్లాస్టిక్ గుర్రాలతో ఉంటుంది. నిజం గుర్రాలంటే ఆమెకు పడదు, లద్ది వేస్తాయని. నాలుగు రోజుల క్రితం పై అర దుమ్ము దులుపుతూ స్టూలు మీంచి పడి మడమ విరగ్గొట్టుకుంది. ఆస్పత్రి మంచం మీంచే నన్ను తన గుర్రాలకు మేనేజరుగా నియమించినట్టు నాకు ఆ గేటు దగ్గరే తెలిసింది.

అత్తకు ఫోన్ చేశాను.

"ఒరేయ్, ఆ పిల్ల పేరు టెస్సా హాడిక్స్. మంచి పనిమంతురాలు," అంది అత్త. "నా కర్నల్‌కి ఆ ఆడగుర్రంతో సంబంధం నేను ఒప్పుకున్నాను. ఇంటికి తీసుకెళ్లి జన్మపత్రం రాసివ్వు."

"అత్తా, ప్లాస్టిక్ గుర్రానికి జన్మపత్రం ఏంటే?"

"మీ గుర్రాలకి ఉండొచ్చు గానీ నా గుర్రాలకి ఉండకూడదా? విను. మూడో అరలో కర్నల్ ఉంటాడు, నల్లగా. వాడి పక్కనే డీకన్, ఎర్రగా. ఇద్దరూ ఒకే అచ్చులో పోసినవాళ్లు. పొట్ట కింద పేరు చూసి రాయి. కవరులో పెట్టి అంటించు. షోలో జడ్జి తప్ప ఎవరూ తెరవకూడదు. అది నా రూలు."

"అది నీ పిచ్చి."

"ముప్పై ఏళ్లుగా ఈ బొమ్మగుర్రాల క్లబ్బులో నా గుర్రాల మీద ఒక్క మచ్చ లేదురా. నువ్వు తేకు," అని పెట్టేసింది.

ఆ సాయంత్రం అత్త ఇంట్లో, నాలుగువందల పన్నెండు గుర్రాలు నాలుగు గోడల మీంచి మమ్మల్ని చూస్తుండగా, టెస్సా ఆ చేతిరుమాలు విప్పింది.

నేను ఎగతాళి చేయడానికి సిద్ధంగా ఉన్నాను. కానీ వంగి దగ్గరగా చూశాను. పుట్టి గంట కూడా కాని పిల్ల అది. నల్లటి పిల్ల. కాళ్లు ఎక్కడ పెట్టాలో ఇంకా తెలియదు, ముందరి కాలు ఒకటి పక్కకు జారిపోతోంది. అలాంటి పిల్లల్ని నేను వందల్లో చూశాను. అవి మొదటిసారి నిలబడేటప్పుడు ఊపిరి బిగబట్టినట్టే ఇప్పుడూ బిగబట్టాను.

"ఎక్కడ కొన్నారు?"

"కొనలేదు. నేనే చేశాను." ఆమె బుగ్గలు ఎరుపెక్కాయి. "నేను పళ్ల ల్యాబులో పనిచేస్తాను. కట్టుడు పళ్లు చేస్తాను. ఆరేళ్లుగా నా పని అందరి నోళ్లలోనూ ఉంది, నా పేరు మాత్రం ఎవరి నోటా లేదు. ఎనిమిది నెలలు లంచ్ టైములో కూర్చుని పళ్లు చెక్కే పనిముట్లతోనే దీన్ని చెక్కాను. నేను చేసిందని పదిమంది ముందు బల్ల మీద పెట్టే మొదటి వస్తువు ఇదే. తండ్రి పత్రం లేకపోతే షోలో పిల్లగుర్రాల పోటీకి నిలబెట్టనివ్వరు."

ఇలా చెబుతూ ఆమె తడిసిన జుట్టుని ఒక పెన్సిలు గుచ్చి ముడి వేసుకుంది. ఒక పాయ లొంగలేదు. దాన్ని ఊది పక్కకు తోసింది. మళ్లీ పడింది. మళ్లీ ఊదింది.

నేను అరలోంచి గుర్రాన్ని తీశాను. పేరు రాశాను. సంతకం పెట్టాను. కవరు అంటించాను.

"ఇంతేనా?" అంది.

"ఇంతే కాదండీ. అత్త గుర్రాలన్నీ దుమ్ము పట్టాయి. నాకు తుడవడం రాదు," అన్నాను. నాకు తుడవడం వచ్చు. తొమ్మిదేళ్లుగా చేస్తున్న పని అదే.

ఆమె నన్ను కాసేపు చూసింది. "రేపు ఆరింటికి వస్తాను. మెత్తటి బ్రష్షు నేనే తెస్తాను."

అలా పదిహేడు రోజులు గడిచాయి. రోజూ వర్షమే, రోజూ ఆమె రావడమే. మూడో రోజుకి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అయిదో రోజుకి తిట్లు వచ్చాయి.

"హార్లన్! చెవులు పట్టుకుని ఎత్తకు. నిన్నెవరైనా అలా ఎత్తితే?"

"మా అత్త అలాగే ఎత్తేది."

"అందుకే ఇలా తయారయ్యావు."

ఒకరోజు ఆమె పిల్లకు తుదిరంగులు వేస్తూ అడిగింది. "మీ ఫారంలో నిజం పిల్లలు నిలబడడానికి ఎంతసేపు పడుతుంది?"

"గంట. కొన్నిటికి రెండు. పడతాయి, లేస్తాయి. మనం సాయం చేయకూడదు."

"చూస్తూ ఊరుకుంటావా?"

"చేతులు వెనక కట్టుకుని."

ఆమె బ్రష్షు దించి, "నువ్వు అనుకున్నంత వెధవవి కాదు," అంది. నాకు అప్పటిదాకా ఎవరిచ్చిన సర్టిఫికెట్టూ అంత నచ్చలేదు.

చెప్పేద్దామని రోజూ అనుకునేవాణ్ని. కానీ ఎలా? పనిలో ఒక్కో మగగుర్రం ప్రేమ వ్యవహారాన్ని గడియారం పెట్టి ముగిస్తాను. నా దగ్గరకొచ్చేసరికి నాలుగువందల పన్నెండు గుర్రాలు చూస్తుంటే నోరు రాలేదు. షో అయ్యాక చెబుదాం, పిల్లకు రిబ్బన్ వచ్చి ఆమె సంతోషంగా ఉన్నప్పుడు చెబుదాం అని వాయిదా వేశాను.

షో శనివారం, అగ్నిమాపక కేంద్రం హాల్లో. ఫైరింజన్లను బయట నిలబెట్టి లోపల బల్లలు వేశారు. ఆ బల్లల మీద ఎనిమిదివందల గుర్రాలు. చుట్టూ మనుషులు ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నారు. ఒకటి పడితే వరసంతా పడుతుంది. పక్కవాళ్ల గుర్రాన్ని ముట్టుకోవడం పక్కవాళ్ల భార్యను ముట్టుకోవడం కంటే పెద్ద తప్పు.

అత్త చక్రాల కుర్చీలో వచ్చింది, ఒళ్లో చీజ్ శాండ్‌విచ్‌ల పళ్లెంతో.

జడ్జి బర్ల్ కాన్లీ గారు రిటైరైన పశువుల డాక్టరు. నవ్వు ఆయన ఒంటికి సరిపడదు. ఒక్కో బల్లా దాటుకుంటూ టెస్సా పిల్ల దగ్గర ఆగారు. వంగారు. కళ్లజోడు పైకి తోసి ఇంకా వంగారు. చాలాసేపు లేవలేదు.

"ఎవరు చెక్కారు?"

"నేనేనండీ," అంది టెస్సా.

"ఊఁ," అన్నారాయన. అక్కడివాళ్లందరికీ తెలుసు, ఆయన జీవితంలో 'ఊఁ' అనడం అరుదు. టెస్సా నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

ఆయన కవరు చింపారు. చదివారు. మళ్లీ ఆడగుర్రాన్ని చూశారు, పిల్లని చూశారు.

"తల్లి ఎరుపు. తండ్రి డీకన్, ఎరుపు. పిల్ల నలుపు." పత్రం బల్ల మీద పెట్టారు. "రెండు ఎర్ర గుర్రాలకు నల్ల పిల్ల పుట్టదు. ఎప్పుడూ పుట్టలేదు. ఈ పిల్లను పోటీలోంచి తీసేయాలి."

"డీకన్ ఏంటండీ? కర్నల్ కదా!" అంది టెస్సా. తర్వాత నా మోచేయి వదిలేసి నా వైపు తిరిగింది.

"పత్రం రాసింది ఎవరు?" అన్నారు జడ్జి.

"నేనేనండీ."

"ఏం పని చేస్తుంటారు?"

"మగగుర్రాల ఫారంలో."

హాలంతా నవ్వింది. వెనకనుంచి ఎవరో, "ఒకసారి తల్లినే అడగండి, పాపం ఆవిడకి తెలిసుంటుంది," అన్నారు. ఇంకా నవ్వారు. రెండు ఎరుపులు కలిస్తే ఎరుపే పుడుతుందని మా ఫారంలో గడ్డి వేసేవాడికి కూడా తెలుసు.

జడ్జి గారు చెయ్యెత్తి నవ్వులు ఆపారు. "ఒక దారి ఉంది. మగగుర్రం పొట్ట మీద దాని పేరును యజమానే తప్పుగా రాసి ఉంటే, అది యజమాని పొరపాటు. పిల్లను ఉంచవచ్చు. అలాగే జరిగిందా?"

టెస్సా కళ్లు వెలిగాయి. మూలన అత్త శాండ్‌విచ్ నమలడం ఆపింది. నన్ను చూసి కాస్త తలాడించింది, 'చెప్పెయ్యిరా' అన్నట్టు. ముప్పై ఏళ్ల పేరుని ఆ మనిషి ఒక్క తలాడింపుతో వదిలేయడానికి సిద్ధపడింది.

"లేదండీ," అన్నాను. "పేరు సరిగ్గానే ఉంది. కర్నల్‌ని చేతిలో పెట్టుకుని, పొట్ట కింద చూడకుండా నేనే డీకన్ అని రాసేశాను."

"మరేం చూశారు?"

"ఈవిడని."

ఎవరి గుర్రాల దగ్గర వాళ్లు మెడలు చాచి మమ్మల్ని చూశారు.

"ఎంతసేపు?" అన్నారు జడ్జి, ఎద్దుకు జ్వరం ఎన్నాళ్లుగా ఉందని అడిగినట్టు.

"కవరు అంటించేదాకా. ఆ తర్వాత కూడా ఆపలేదండీ. ఇవాళ్టికి పదిహేడు రోజులు. ఈవిడంటే నాకు ప్రేమ. ముందే చెప్పాల్సింది."

జడ్జి గారు కార్డు తీసి, గట్టిగా చదువుతూ రాశారు. "తొలగించిన కారణం: మేనేజరు ప్రేమలో ఉండి తండ్రి పేరు తప్పు రాశాడు." కార్డు టెస్సా చేతిలో పెట్టారు. "పిల్ల యజమాని కారణాన్ని ఒప్పుకోవచ్చు, అభ్యంతరమైనా రాయవచ్చు. అరగంట టైము. ఏది రాసినా నేను హాల్లో చదవాలి."

టెస్సా పిల్లను చేతిరుమాల్లో చుట్టుకుని, కార్డు పట్టుకుని, బయటికి వెళ్లిపోయింది.

"అత్తా, సారీ..."

"ఆ అమ్మాయి వెళ్తుంటే నాకు చెప్తావేంట్రా సారీ! నడు!" అని నా నడుం మీద చేతికర్రతో ఒకటి వేసింది.

టెస్సా ఫైరింజన్ మెట్టు మీద కూర్చుని ఉంది. వాన దంచుతోంది. ఎదురుగా నిలబడి తడిశాను. అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

"గిట్టలకే మూడు వారాలు పట్టింది, హార్లన్."

"తెలుసు."

"ఆయన 'ఊఁ' అన్నారు. నా పిల్లని చూసి 'ఊఁ' అన్నారు!"

"విన్నాను."

"లేబులు తప్పని ఒక్క అబద్ధం చెప్తే పోయేది. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మా అత్త పరువు పోయేది. అది ఒకటి. ఇంకోటి, నేను నిన్నే చూస్తున్నానని నీకు ఎప్పటికీ తెలిసేది కాదు. నిజం చెప్పాలంటే రెండోదే పెద్ద కారణం."

"తెలిసేది కాదా?" ఆమె తల ఎత్తింది. "తుడిచిన గుర్రాన్నే నాలుగుసార్లు తుడిచేవాడివి! నీ చూపు ఎటుందో ఆ గుర్రాలకి కూడా తెలుసు."

ఆమె చేతిరుమాలు విప్పి పిల్లను నా ముక్కు దగ్గర పెట్టింది.

"కుడి చెవి లోపల చూడు."

చూశాను. ఒళ్లంతా నల్లగా నిగనిగలాడే పిల్లకి ఆ ఒక్క చెవి లోపల తెల్లగా, రంగు వేయకుండా ఉంది.

"మొన్న ఆదివారం," అంది టెస్సా, నా వైపు చూడకుండా. "నువ్వు చొక్కా చేతులు మడుచుకుని నిచ్చెన ఎక్కి పై అర తుడుస్తున్నావు. నేను ఈ చెవి దగ్గర ఉన్నాను. తర్వాత చూస్తే డబ్బాలో పెట్టేశాను. నిన్న రాత్రే కనిపించింది. ఆ రంగు ఆరడానికి రెండు రోజులు కావాలి. జడ్జి గారికి ఇంకా కనపడలేదు. కనపడి ఉంటే దీనికే తీసేసేవారు, నీ పత్రం అవసరమే ఉండేది కాదు."

నేను నవ్వాను. నవ్వకూడదని తెలిసీ నవ్వాను. ఆమె మొదట నా భుజం మీద కొట్టింది. తర్వాత ఆమెకూ ఆగలేదు.

"టైమెంత?" అంది ఉన్నట్టుండి.

"నాలుగు నిమిషాలుంది."

"మరి కూర్చోబెట్టి నవ్విస్తావేం!" అని నా చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. హాల్లో పరుగెత్తకూడదన్న రూలు గుమ్మంలో ఇద్దరికీ గుర్తొచ్చింది. మునివేళ్ల మీద, కారుతున్న బట్టలతో, ఎనిమిదివందల గుర్రాల మధ్య నుంచి వెళ్లాం.

టెస్సా జడ్జి గారి పెన్ను తీసుకుని రాసింది. ఆయన కార్డు దూరంగా పట్టుకుని, గొంతు సవరించుకుని, హాలంతటికీ వినపడేలా చదివారు.

"'పై కారణం నాకు సమ్మతమే. అభ్యంతరం లేదు. ఇదే మేనేజరును కొనసాగించవలెను. ఇట్లు, టెస్సా హాడిక్స్.'"

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బల్లలు అదిరితే గుర్రాలు పడతాయి కదా! అందరూ చేతులు పైకెత్తి వేళ్లు ఊపారు.

ఆ వేళ్ల మధ్యలోంచి అత్త కుర్చీ తోసుకుంటూ వచ్చింది. జడ్జి గారి చేతిలోంచి కార్డు లాక్కుని, ఒళ్లోని శాండ్‌విచ్ పళ్లెం మీద పెట్టుకుని, టెస్సా సంతకం కింద రాసింది: "మగవైపు పెద్దలకు కూడా అభ్యంతరం లేదు. వర్లీన్ స్టాంపర్."