బావమరిది చేతిలో తాడు

మా మల్కాపురం డైవర్లలో ఒక కట్టుబాటు ఉండేది. నీళ్లలోకి దిగేవాడి తాడు బావమరిదే పట్టుకోవాలి. తోడబుట్టినదాని పసుపుకుంకాల కోసమైనా వాడు తాడు వదలడని పెద్దల నమ్మకం.

నా తాడు పట్టేది అప్పలసూరి. వాడి అక్క చిలకమ్మ, నా భార్య, జ్వరంతో పోయి ఏడాదైంది. ఇక వాడికి నా ప్రాణం మీద ఏం తీపి? పైగా నాకు రెండో సంబంధం చూస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ నా మొహం చూసి మాట్లాడడం మానేశాడు.

1978 వేసవి. రేవులో ఆగిన ఓడ అడుగున, నీళ్లు పీల్చే జాలీకి గుల్లలు పట్టాయి. గీకాలి. చెరువులో మునిగినవాడు పైకి తంతే ఆకాశం. ఓడ కింద పైకి తంతే ఇనుమే. బయటికి దారి చూపేది తాడొక్కటే.

పడవలో సూరి నా నడుముకి ముడి వేశాడు. నేను దాన్ని మళ్లీ మళ్లీ తడిమి చూసుకున్నాను.

"ఏటి బావా, నమ్మకం నేదా?" అన్నాడు, నవ్వకుండా.

గీకుతుంటే బురద లేచింది. మొహం ముందు పెట్టుకున్న చెయ్యి కూడా కనబడలేదు. నోట్లో నూనె, తుప్పు రుచి. సిలిండర్లో గాలి అడుగంటుతోంది. పైకి లాగమని తాడు మూడుసార్లు గుంజాను.

తాడు బిగిసింది. లాగింది. కానీ... ఓడ అంచు దగ్గర ఇనుము పైకి ఒంపు తిరగాలి. ఇది చదునుగా, అంతులేకుండా సాగుతోంది. నన్ను ఓడ నడుమకి లాగుతున్నాడు!

భయం కంటే ముందు కోపం వచ్చింది. ముడి విప్పేశాను. తాడుకి ఎదురుదిక్కున, వేళ్లతో ఇనుము తడుముకుంటూ పాకాను. పీలిస్తే గాలి రావడం లేదు... రావడం లేదు... ఇనుము ఒంపు తిరిగింది. వెలుగు.

పడవ అంచు పట్టుకున్నాను. సూరి నన్ను చూడలేదు. ఏడుస్తూ తాడు లాగుతున్నాడు. అరచేతులు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. వీణ్ణా అనుమానించానని నా మీద నాకే అసహ్యమేసింది.

"సూరీ, నానిక్కడున్నాన్రా. తాడొగ్గీ."

వాడు నన్ను చూశాడు. తాడుని చూశాడు. అది ఇంకా బిగిసే ఉంది... నీళ్లలోంచి మూడుసార్లు గుంజింది.

"నువ్విక్కడుంటే... కిందెవులు బావా?"

గుసగుసగా అడిగాడు. అంతలోనే వాడి మొహం విప్పారింది.

"అక్కే బావా. పైకి లాగమంటంది."

తాడు వదలకపోగా, మణికట్టుకి చుట్టేసుకున్నాడు.

"పిచ్చోడా, ఒగ్గీరా!"

"అక్కని నానొగ్గను."

తాడు కోసెయ్యడానికి నడుము దగ్గర కత్తి కోసం తడుముకున్నాను. గాలి లేదు, కెరటం లేదు. పడవ మాత్రం మెల్లగా ఓడ వైపు జరుగుతోంది.