పని చెయ్యని టీకా

“ఆ గొట్టం కొంచెం పైకెత్తండి మేడమ్. ముఖం పక్కన. కాస్త నవ్వుతూ.”

ఆమె గాజుగొట్టాన్ని పైకెత్తింది. నవ్వలేదు.

“లోపలున్నదేమిటండీ? రంగు ఫొటోలో బాగోట్లేదు. నీలం నీళ్ళు పోద్దామా?”

“పేడనీళ్ళు. జబ్బుపడ్డ దూడది. మూత ఊడితే మీ కెమెరా మీద పడుతుంది.”

పశువైద్య పరిశోధన సంస్థలో కొత్తగా చేరిన ప్రచార అధికారి గబుక్కున వెనక్కి జరిగాడు. పుట్టీ పుట్టగానే దూడల పేగుల్లో చేరి, పారుడుతో వాటి ప్రాణం తీసే బాక్టీరియా మీద ఆమె పదేళ్ళుగా పని చేస్తోంది. సంస్థలో అందరూ ఆమెను పేడ డాక్టరంటారు. ఎదురుగా మాత్రం మేడమ్.

మర్నాడు నోటీసుబోర్డు మీద ఆమె ఫొటో కింద ‘పశు ఉదర సౌభాగ్య పరిశోధకురాలు’ అని కనిపించింది. ఆమె తిన్నగా అతని గదికి వెళ్ళింది.

“సౌభాగ్యమేమిటండీ? నేను చేసేది విరేచనాల మీద.”

“బోర్డు పక్కనే క్యాంటీన్. ఆ మాట అక్కడ వద్దన్నారు డైరెక్టరుగారు.”

“ఆ మర్యాద దూడలకి తెలీదు.”

అతనికి నవ్వొచ్చింది. ఆమెకు తలుపు దాటాక వచ్చింది. కిటికీలోంచి అతను చూడనే చూశాడు.

అప్పట్నించి ఏదో ఒక వంకతో అతను ఆమె ల్యాబు చుట్టూ తిరగసాగాడు. వాన పడుతోందని గొడుగు తీసుకెళ్ళి ఇస్తే, ఆమె థాంక్స్ చెప్పి, షెడ్డు కారుతున్నచోట పడుకున్న దూడ మీద పట్టింది. ఇద్దరూ తడిశారు.

అంతలో సంస్థ వార్షికోత్సవం వచ్చింది. డైరెక్టరు ఇద్దరినీ పిలిచాడు.

“అమ్మా, మీ టీకా విజయవంతమైందని సభలో ప్రకటిస్తున్నాను. ఉపన్యాసం ఇతను రాస్తాడు.”

“టీకా పని చెయ్యలేదు సార్. వేసిన దూడలకీ వెయ్యనివాటికీ జబ్బు ఒకేలా వచ్చింది.”

“పని చెయ్యలేదనకూడదమ్మా. చెయ్యడం ఇంకా మొదలుపెట్టలేదనాలి.”

“మొదలుపెట్టేలోపు దూడ ఉండదు సార్.”

డైరెక్టరు అతనివైపు తిరిగాడు. “నాలుగు మంచి మాటలు వెయ్యవయ్యా.”

బయటికొచ్చాక అతను అడిగాడు. “విజయమని రాస్తే ఏమవుతుందండీ?”

ఆమె అతన్ని షెడ్డుకు తీసుకెళ్ళింది. కళ్ళు లోపలికి పోయిన దూడ ఒకటి గడ్డి మీద వాలిపోయి ఉంది.

“తల పట్టుకోండి.”

ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు ఆమె సీసాతో కొద్దికొద్దిగా పట్టించింది. ఈలోగా దూడ అతని ప్యాంటు మొత్తం పాడుచేసింది. అతను పట్టు వదల్లేదు.

“ఇప్పుడు దూడ పారుకుంటే రైతులు వెంటనే ఈ నీళ్ళు పట్టిస్తున్నారు. టీకా వేయించామంటే ధీమాగా ఉంటారు. ఒక్క పూట అశ్రద్ధ చాలు.” ఆమె గొంతు తగ్గింది. “పదేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరైందని ఒప్పుకోవడం నాకేం సరదా కాదండీ.”

అతను ఓదార్చలేదు. దూడ తనంతట తను తలెత్తేదాకా అక్కడే కూర్చున్నాడు.

డైరెక్టరుకు ఉపన్యాసాన్ని ముందుగా చదివే అలవాటు లేదు. వేదిక మీద కళ్ళజోడు సర్దుకుని, గంభీరంగా అందుకున్నాడు.

“మా టీకా పని చెయ్యలేదని సగర్వంగా తెలియజేస్తున్నాను.”

ఆయన ఒక్క క్షణం ఆగాడు. సభ చప్పట్లు కొట్టింది. చప్పట్లు వినపడ్డాక ఆగడం ఆయన వల్ల ఎప్పుడూ కాలేదు. ఉప్పూ చక్కెరా నీళ్ళ దగ్గర్నుంచి దూడ పుట్టగానే పట్టాల్సిన ముర్రుపాల దాకా మొత్తం చదివేశాడు. ఒక ముసలి రైతు లేచి, ఇన్నాళ్ళకో పెద్దమనిషి నిజం చెప్పాడన్నాడు. డైరెక్టరు ఆ మెప్పు వినయంగా స్వీకరించి, మర్నాడే ప్రచార అధికారిని దూడల షెడ్డుకు బదిలీ చేశాడు.

అతను రబ్బరు బూట్లతో వచ్చాడు. ఆమె సీసాలు కడుగుతోంది.

“నా మూలంగా మీ ఉద్యోగం పోయింది.”

“పోలేదండీ. మీకు దగ్గరగా వచ్చింది.”

ఆమె కడిగిన సీసానే మళ్ళీ కడిగింది. “ఇంకో టీకా మొదలుపెడుతున్నాను. ఎన్నేళ్ళు పడుతుందో తెలీదు. అదీ పని చెయ్యకపోవచ్చు.”

“చెయ్యకపోతే ఇంటికొచ్చి తిట్టుకుందురుగాని. వినడానికి నేనుంటాను.”

“ఎవరింటికి?”

“మీకిష్టమైతే, మనింటికి.”

ఆమె ట్యాప్ కట్టేసింది. “ఆదివారం మా అమ్మ ఇంట్లోనే ఉంటుంది. రండి.”

ఆదివారం అతన్ని హాల్లో కూర్చోబెట్టి, తల్లి కూతుర్ని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

“వచ్చిన సంబంధాలవాళ్ళందరికీ నువ్వు పిల్లల డాక్టరువని చెప్పానే. ఇతనికేం చెప్పను?”

“ఏం చెప్పకు. ఇతను రోజూ నాతోపాటే షెడ్డు కడుగుతాడు.”

తల్లి కాసేపు కూతురి ముఖంలోకి చూసింది. కాఫీలు పట్టుకొచ్చి, అతనికొక కప్పు ఇచ్చి, కుర్చీ దగ్గరకు లాక్కుంది.

“నీకు ఇబ్బంది లేకపోతే మాకూ లేదు బాబూ. అమ్మాయి నీదే అనుకో.” తర్వాత కొంచెం మొహమాటంగా కూతురివైపు తిరిగింది. “ఇంతకీ ఆ దూడలకి లోపల ఏమవుతుందే?”

పదేళ్ళలో ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అడగలేదు. పేడ డాక్టరు చెప్పడం మొదలుపెట్టింది. కాఫీలు చల్లారిపోయేదాకా ఎవరూ లేవలేదు.