నత్తలే ముందు పోయాయి

శనివారం ఉదయం 8.40. అల్మాటీలో ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు.

చనిపోయినవి పద్నాలుగు నత్తలు, రెండు రొయ్యలు. పగడాలు సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉన్నాయి. చేపలు మాత్రం బతికే ఉన్నాయి. తిండి ఎప్పుడు వేస్తారా అని గాజు దగ్గరే తచ్చాడుతున్నాయి.

రొయ్యలు చస్తే పోలీసులెందుకని మీరు నవ్వచ్చు. కెప్టెన్ తోలెగెన్ కూడా లోలోపల నవ్వుకుంటూనే మెట్లెక్కాడు. కానీ ఆ ఆరు వందల లీటర్ల ఉప్పునీటి తొట్టె అతని మేనమామ సబిర్జాన్‌ది. ఆయన రిటైరైన జియాలజిస్ట్. సముద్రం జాడలేని ఊళ్లో పదకొండేళ్లుగా ఇంట్లోనే సముద్రాన్ని పెంచుతున్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉండటం చూశాక తోలెగెన్‌కి నవ్వు పోయింది.

"ఎవరో విషం కలిపార్రా," అన్నాడు సబిర్జాన్. టెస్ట్ కిట్ గొట్టం చూపించాడు. "చూడు, రంగు మారింది. నీళ్లలో రాగి ఉంది. చేపలు కాస్త తట్టుకుంటాయి. నత్తలు, రొయ్యలు, పగడాలు తట్టుకోలేవు."

"రాగి ఎక్కణ్ణుంచి వచ్చింది మామయ్యా?"

"నాచు మందులో ఉంటుంది. వారం రోజులుగా గాజంతా నాచే. చూడలేక బజారు నుంచి మందు తెచ్చాను. పోయొద్దని తొట్టె చూసుకునే వేరా నాతో పోట్లాడింది. ఇప్పుడా సీసా లేదు."

"ఎప్పట్నుంచి?"

"గురువారం నుంచి."

సబిర్జాన్ కోడలు మెరుయెర్త్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "వేరా గురువారం పొద్దున ఏడింటికే వచ్చింది అన్నయ్యగారూ. ఆవిడ వచ్చే రోజు కాదది. గబగబా నీళ్లు మార్చేసి, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోయింది."

ఇంకేం కావాలి? తోలెగెన్‌కి కేసు అరచేతిలో ఉన్నట్టే అనిపించింది.

వేరా పాక్‌కి యాభై నాలుగేళ్లు. కొరియన్ కుటుంబం. ఊళ్లో తొమ్మిది ఇళ్లలో ఇలాంటి తొట్టెలు చూసుకుంటుంది. వాటి మీదే ఆమె బతుకు. 11.20కి ఎప్పటిలాగే రెండు బకెట్లతో అపార్ట్‌మెంట్ ఆవరణలోకి వచ్చింది. బెంచీ మీద ఐదుగురు అపాలు, ఆ అపార్ట్‌మెంట్ పెద్దావిడలు, ఎండ కాచుకుంటున్నారు.

తోలెగెన్ వాళ్ల కళ్లముందే ఆమె సంచీ తెరిపించాడు. మందు సీసా దొరికింది. మోచెయ్యి పట్టుకుని జీపు ఎక్కించాడు. ఒక బకెట్ దొర్లి నీళ్లు ఒలికాయి. దాన్ని ఎవరూ నిలబెట్టలేదు.

స్టేషన్లో ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఈ సీసా ఎవరిది?"

"సబిర్జాన్ గారిది."

"నీ సంచీలోకి ఎలా వచ్చింది?"

"ఆయన పోసేస్తారని నేనే తీశాను."

"అడక్కుండా తీస్తే దాన్నేమంటారు?"

"దొంగతనం అంటారు. తెలుసు."

"గురువారం ఏడింటికి ఎందుకెళ్లావు?"

"నీళ్లు మార్చడానికి."

"అంత తొందరేమొచ్చింది?"

వేరా చేతులు చూసుకుంది. ఉప్పుకి వేళ్లు పగిలి ఉన్నాయి. "అది చెప్పను," అంది.

చెప్పనన్న మనిషి మీద పోలీసుకి అనుమానం పెరుగుతుంది. తోలెగెన్ మూడు గంటలు గద్దించాడు. తనకన్నా పదహారేళ్లు పెద్దామెను నువ్వు నువ్వు అంటూనే ఉన్నాడు. ఈలోపు ఆమె ఫోన్ నాలుగుసార్లు మోగింది. నాలుగూ ఆమె చూసుకునే ఇళ్ల నుంచే. ఇక రావద్దన్నారు. బెంచీ మీది కబురు జీపుకన్నా ముందే ఊరు చుట్టేసింది.

2.50కి స్వాధీనం చేసుకున్న వస్తువుల ఫారం నింపడానికి కూర్చున్నాడు. 'సీసాలో ఎంత ఉంది' అని ఒక గడి. మూత తిప్పాడు.

మూత కింద వెండి రేకు సీలు. చిరగలేదు. కనీసం నలగలేదు.

అందులోంచి చుక్క కూడా ఎక్కడా పడలేదు. తోలెగెన్ చెవులు కాలిపోయాయి.

"సీలు తీయలేదని ఎందుకు చెప్పలేదు... మీరు?"

"మూడు గంటల్లో ఒక్కసారైనా మూత తిప్పి చూస్తారనుకున్నాను," అంది వేరా.

అతనికి ఆమె మొహం చూడటానికి ధైర్యం చాలలేదు. గోడ మీది క్యాలెండర్‌కేసి చూస్తూ, "నాతో ఒకసారి మామయ్యగారింటికి వస్తారా?" అని అడిగాడు.

సాయంత్రం 5.00. హాల్లో సబిర్జాన్, మెరుయెర్త్ ఉన్నారు. సంగతి తెలిసి సబిర్జాన్ అక్క కుల్యాష్ కూడా పళ్లెం నిండా బౌర్సాక్‌లు, పిండి బూరెల్లాంటివి, వేయించుకుని వచ్చింది. డెబ్బయ్యొక్కేళ్ల పెద్ద దిక్కు. తోలెగెన్ కన్నతల్లి. వేరా గుమ్మం దగ్గరే నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

తోలెగెన్ టార్చ్ తీసుకుని తొట్టె చుట్టూ తిరిగాడు. వెనక మూలన దువ్వెన పళ్లలాంటి ప్లాస్టిక్ కట్ట ఉంది. పైనీళ్లు దాని మీదుగా ఒక సన్నని అరలోకి జారుతున్నాయి. లైటు అడుక్కి వేశాడు. ఏవో గుండ్రంగా కనిపించాయి. వేరా దగ్గరున్న పట్టకారు తీసుకుని ఒక్కొక్కటే పైకి తీశాడు.

మూడు నాణేలు. ఐదు టెంగేలవి. పచ్చటి చిలుం పట్టి ఉన్నాయి.

అతని చెయ్యి దానంతటదే యూనిఫాం జేబులోకి పోయింది. అక్కడా అలాంటిదే ఒకటుంది. తీసి చూశాడు. పసుపుపచ్చగా మెరుస్తోంది. రెండు వారాల కిందటి ఆదివారం ఈ హాల్లోనే, కొత్తగా అడుగులేస్తున్న సబిర్జాన్ మనవడి కాళ్లకు తాడు కట్టి కోసే వేడుకలో, నేల మీద ఏరుకున్నాడు. అదృష్టమని అందరూ ఏరుకున్నారు. మిఠాయిలు, నాణేలు కలిపి దీవెనగా పిల్లాడి మీద షాషు చల్లింది తన తల్లే. తళతళలాడేవి కావాలని బ్యాంకుకి వెళ్లి మరీ తెచ్చింది. గుప్పెడు గుప్పెడు పైకి విసిరింది. ఆ తొట్టెకి మూత లేదు.

తోలెగెన్ గుప్పిట మూశాడు. జేబులో వేసుకుంటే సరి, కారణం తెలియలేదని రాసేయొచ్చు. తల్లి తల ఎత్తుకునే తిరుగుతుంది. వేరా మాత్రం విషం పెట్టిన మనిషిగా మిగిలిపోతుంది. అలా అనుకున్నందుకే అతనికి తన మీద తనకు అసహ్యం వేసింది.

"ఏముందిరా చేతిలో?" అంది కుల్యాష్.

గుప్పిట విప్పాడు.

"రాగి మందులోంచి రాలేదు. సీసా సీలు అలాగే ఉంది. రాగి ఈ ఇత్తడి నాణేల్లోది. మామయ్యా, ముందు ఏవి పోయాయి?"

"నత్తలు. వేడుకైన మూడో రోజు నుంచే రాలడం మొదలెట్టాయి."

"నాచు?"

"ఆ తర్వాతే." సబిర్జాన్ నుదురు కొట్టుకున్నాడు. "నాచు తినే నత్తలే లేకపోతే నాచు రాదా మరి. ఛీ. వేరా సరిగా కడగట్లేదని తిట్టాను."

"మీరు తిట్టారు. నేను స్టేషన్‌కి లాక్కెళ్లాను."

కుల్యాష్ నాణేలనే చూస్తోంది. "నా చేత్తో వేశాను," అంది మెల్లగా. "దీవించి వేశాను."

"తెలుసు అపా," అంది గుమ్మం దగ్గర వేరా. "మంగళవారం ఇసుక కడుగుతుంటే ఒకటి దొరికింది. అదొక్కటే అనుకున్నాను. తీసేసి, నీళ్లలోకి దిగిన రాగి పోవాలని గురువారం నీళ్లు మార్చాను. ఆ అర చూడలేదు. అది నా పొరపాటు."

"నాకు చెప్పలేదేం తల్లీ?"

"పసివాడికిచ్చిన దీవెన విషమైందని ఏ నోటితో చెప్పను?"

మెరుయెర్త్ లేచి కుర్చీ తెచ్చి వేరా పక్కన వేసింది. సబిర్జాన్ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు.

"వేరా గారూ, కిందికి వస్తారా?" అన్నాడు తోలెగెన్. "ఎక్కడ పట్టుకున్నానో అక్కడే చెప్పాలి."

కుల్యాష్ తలగుడ్డ సర్దుకుని, "నేనూ వస్తా," అంటూ లేచింది.

6.10. బెంచీ మీద ఐదుగురూ ఉన్నారు. పొద్దుటి బకెట్ ఇంకా అక్కడే దొర్లి ఉంది. తోలెగెన్ ముందు దాన్ని నిలబెట్టాడు.

"ఈవిడ ఏ తప్పూ చేయలేదు. తప్పు నాది. సీసా మూతైనా తీసి చూడకుండా ఈవిణ్ణి దొంగలా లాక్కెళ్లాను."

"నత్తల్ని చంపింది తొట్టెలో పడ్డ నా నాణేలు," అంది పక్కనుంచి కుల్యాష్.

అపాలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. వేరా బకెట్ చేతిలోకి తీసుకుంది.

"ఇంకాస్త గట్టిగా చెప్పండి కెప్టెన్ గారూ," అంది. "ఆ చివర కూర్చున్న అపాకి చెవుడు."

తోలెగెన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, మొదట్నుంచి మళ్లీ చెప్పాడు.