పొగాకు గోడౌనులో చిట్టియ్య పేరు

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వెళ్లే దారిలో, కాలవ గట్టు మీద ఓ పాత పొగాకు గోడౌను ఉండేది. దీపాలు పెట్టాక అందులో ఎవరైనా ఉంటే, పోయినవాళ్ల పేర్లు వినబడతాయని చెప్పుకునేవారు. పొగాకు వ్యాపారులు ఖాళీ చేసి పోయిందీ అందుకేనట. ఈ మాట నాకు చెప్పినవాడు అక్కడి వాచ్‌మన్ సత్తియ్య. అతనికి చెప్పిందెవరో అతనికే గుర్తులేదు.

గోడలు మందం, లోపల చల్లగా ఉంటుందని మా జోగేశ్వరరావుగారు అందులో కంప్యూటర్ సెంటర్ పెట్టారు. 1987 మాట. పెనుగొండలో కిరాణా కొట్టువారి పిల్లని, అమ్మవారికి దణ్ణం పెట్టందే గడప దాటనిదాన్ని — ఏరికోరి ఆ గోడౌనులోనే ప్రోగ్రామరుగా చేరాను. బియ్యెస్సీ ఫస్టు క్లాసు అన్న ధైర్యం ఒకటి.

నాతో పాటు చిట్టియ్య అని ఒకతను పనిచేసేవాడు. గోదాట్లో వలలేసే ఇంటి నుంచి చదువుకుని వచ్చినవాడు. ప్రింటర్ మీద తెలుగక్షరాలు పడేలా, యంత్రం సొంత భాషలో ఓ ముక్క రాశాడు. దానికి చిట్టి అని తన పేరే పెట్టుకున్నాడు. నా ప్రోగ్రామంతా ఫోర్‌ట్రాన్ అనే ఇంకో కంప్యూటర్ భాషలో. తెలుగు కావలసినప్పుడల్లా అది చిట్టిని పిలవాలి. ఈ రెంటినీ కలిపేది లింకర్. పెళ్లిళ్ల పేరయ్య లాంటిదనుకోండి. మనం జాబితాలో రాసిచ్చిన వరసలో ఇల్లిల్లూ తిరిగి, ఎవరికి ఎవరు కావాలో చూసి ముడిపెడుతుంది.

ఆ శ్రావణంలో చిట్టియ్య కామెర్లతో పోయాడు. ముప్ఫై నిండలేదు.

పెద్దకర్మకి అందరం వెళ్లాం. అతని భార్య సంపూర్ణమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన రాసింది అక్కడ నడుత్తానే ఉంటదాండి?"

"నడుస్తుందమ్మా" అన్నాను. మాటిచ్చినట్టే కదా.

ఆ సాయంత్రమే ఆఫీసుకొచ్చి పని మొదలెట్టాను. లింకర్ నడిపితే తెర మీద ఒక్కటే వరస —

చిట్టి... దొరకలేదు.

ఇంగ్లీషులోనే వచ్చిందనుకోండి. నా గుండెకి మాత్రం తెలుగులోనే వినబడింది.

చిట్టి ఫైలు చూస్తే ఉంది. అక్షరం చెదరలేదు. మళ్లీ నడిపాను. దొరకలేదు. మర్నాడూ అంతే... ఆ మర్నాడూ అంతే.

మూడోనాడు జోగేశ్వరరావుగారు గుమ్మంలో నిలబడ్డారు.

"లంక గ్రామాల వరద బాధితుల జాబితా రేపు పొద్దున్నే వెళ్లాలమ్మా. ఈ రాత్రికి చూడు. కాలేదంటే చిట్టియ్య ముక్క తీసి పారేసి, ఇంగ్లీషులో కొట్టేద్దాం. ఇంక దాని ఊసెత్తద్దు."

తీసి పారేస్తే... సంపూర్ణమ్మకి ఏ మొహం పెట్టుకుని కనబడను?

రాత్రి ఎనిమిదైంది. అందరూ వెళ్లిపోయారు. గోడల్లోంచి పాత పొగాకు వాసన వస్తోంది. ఎక్కడో కిర్రుమంది... ఆగింది... నా వెనకే మళ్లీ కిర్రుమంది. కాళ్లు రెండూ కుర్చీ మీదకి లాక్కున్నాను. కుర్చీ ఇంకోసారి కిర్రుమంది — అప్పుడు తెలిసింది, అది నా కుర్చీయేనని.

యంత్రానికి విభూది పెట్టాను. ఆంజనేయ దండకం అందుకున్నాను. మధ్యలో మరిచిపోయి మళ్లీ మొదటికొచ్చాను. నా ప్రోగ్రాం గతీ అంతే.

మళ్లీ నొక్కాను.

చిట్టి... దొరకలేదు.

"సత్తియ్యా!" అని కేకేశాను. లాంతరుతో వచ్చాడు. గుమ్మం దాటి మాత్రం రాలేదు.

"చిట్టి పలకట్లేదాండి?" గుసగుసగా అడిగాడు.

"లేదు..."

"ఆయనున్నప్పుడు పలికేదాండి?"

"పిలిచిన ప్రతిసారీ."

"మరెప్పట్నించండి?"

"పెద్దకర్మ రోజు నుంచి."

సత్తియ్య ఒక అడుగు వెనక్కేశాడు. లాంతరు కూడా వెనక్కి పోయింది. నా చుట్టూ చీకటి...

"ఆ రోజు తవరేం చేశారండి, అమ్మాయిగారూ?"

"నేనేం చేశాను? కాళ్లు కడుక్కుని వచ్చాను. దణ్ణం పెట్టుకున్నాను. మా ఇంట్లో ఏ శుభలేఖ రాసినా గతించినవాళ్ల పేర్లే ముందు రాస్తాం. పోయినవాడి పేరు లింకర్ జాబితాలో అందరికన్నా కింద ఉంటే అపచారం కదా అని, చిట్టియ్య ఫైలుని తీసి... అన్నిటికన్నా పైన..."

చటుక్కున తెర వైపు తిరిగి ఆ జాబితా తెరిచాను.

పేరయ్య మొదట చిట్టి ఇంటికే వెళ్లాడు. అప్పటికింకా చిట్టి కావాలని ఎవరూ అడగలేదు. అడగందే అమ్మైనా పెట్టదు. ఉత్త చేతులతో ముందుకి సాగిపోయాడు. ఆ తరవాత నా ప్రోగ్రాం ఇంటికొస్తే, అది "చిట్టి ఏడీ?" అంది. దాటొచ్చిన గుమ్మానికి మళ్లీ తిరిగి వెళ్లే అలవాటు ఆ పేరయ్యకి లేదు.

మూడు రాత్రులు... నేను చేసిన మర్యాదే నన్ను పట్టి పీడించింది.

"క్షమించు నాయనా" అని లెంపలేసుకుని, చిట్టియ్య పేరుని మళ్లీ అందరికన్నా కిందకి దించాను. నొక్కాను. తెర మీద ఏమీ రాలేదు. తప్పేమీ లేకపోతే లింకర్ ఏమీ అనదు.

ప్రోగ్రాం నడిపాను. ఉన్నట్టుండి గది దద్దరిల్లేలా ప్రింటర్ అరిచింది. సత్తియ్య లాంతరు వదిలేశాడు. ప్రింటర్ తలని మోసే క్యారేజీ అటూ ఇటూ పరిగెడుతుంటే, కాగితం మెల్లగా పైకొస్తోంది. గుండ్రంగా, నిండుగా, చిట్టియ్య గీసిన అక్షరాలు. మహాలక్ష్మమ్మ... దీనమ్మ... వీరబ్రహ్మం... లంకల వాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చేస్తున్నారు.

కళ్లు తుడుచుకున్నాను.

తలుపు సందులోంచి సత్తియ్య గొంతు... "దెయ్యం ఎల్లిపోయిందాండి?"

"ఇంకా లేదు సత్తియ్యా" అన్నాను. "క్యారేజీ సర్దుకుంటోంది."